యుద్ధము ముగిసెను, ఉత్తరువు ముగియలేదు

ఏటేట సెప్టెంబరు 5వ తేదీ వచ్చినపుడు బెంగుళూరులోని తెలుగువారము సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి చిత్రపటమునకు పూలమాల వేయుచున్నాము. వేయదగినదే. తిరుత్తణిలో తెలుగింట పుట్టి, 1918 మొదలు 1921 వరకు మైసూరు మహారాజా కళాశాలలో పాఠము చెప్పి, కలకత్తాకు తరలిపోవునాడు శిష్యులే బండి లాగి రైలుస్టేషనుకు చేర్చిన గురువు ఆయన. ఆ బండి కథను మనమెంత గర్వముతో చెప్పుకొందుమో మన కన్నడ సోదరులును అంత గర్వముతోనే చెప్పుకొందురు.

ఐతే ఆ సభలలో ఒక ముచ్చట మాత్రము ఎన్నడును రాదు. వారు 1962 మే 13 మొదలు 1967 మే 13 వరకు రాష్ట్రపతి పదవిలో నుండిరి. ఆ ఐదేండ్లలో దేశము రెండు యుద్ధములు చూచెను. ఆ కాలమున రాష్ట్రపతి చేతిలోని అధికారము ఎట్లు వినియోగింపబడెనను ప్రశ్న మనము వేయము. మనవాని తప్పు మనమే ఎన్నవలెనా యని కొందరు నొచ్చుకొనవచ్చును. అన్యభాషా రాష్ట్రమున అల్పసంఖ్యాకులమై బ్రతుకు మనకు, ఆ ప్రశ్న వేయుట యందరికంటె ఎక్కువ అవసరమని నా మనవి. కారణము ముందు చెప్పెదను.

1962 అక్టోబరు 20న చైనా సేనలు మన సరిహద్దులు దాటెను. 25న తవాంగు పోయెను. 26న రాష్ట్రపతి రాజ్యాంగము 352వ అధికరణము క్రింద అత్యవసర పరిస్థితిని ప్రకటించిరి. ఆ సంతకమును నేను తప్పుపట్టను. ఆ దినమున ఆ స్థానములో ఎవరున్నను చేసెడివారే. అంతేకాదు, రాధాకృష్ణన్ గారు మంత్రులు చూపిన చోట వ్రాలు చేసి యూరకుండు మనిషియు కారు. మన ప్రభుత్వము అతివిశ్వాసముచేతను అశ్రద్ధచేతను మోసపోయెనని వారు నోరు విప్పి చెప్పిరి. రక్షణమంత్రి కృష్ణమీనన్ నవంబరు 7న మంత్రివర్గమును వీడుటలో రాష్ట్రపతి అసంతృప్తి పాలు కూడ ఉన్నదని చెప్పుదురు.

చిక్కు నవంబరు 3వ తేదీ ఉత్తరువుతో మొదలగుచున్నది. అత్యవసర పరిస్థితి ప్రకటింపబడగానే 19వ అధికరణములోని వాక్ స్వాతంత్ర్యాదులు తమంత తామే వెనుకకు తగ్గును. అది చాలదన్నట్లు, 359వ అధికరణము క్రింద రాష్ట్రపతి వేరొక ఉత్తరువు జారీచేసిరి. భారత రక్షణ శాసనము క్రింద పట్టుబడినవాడు 21, 22 అధికరణముల హక్కులకై ఏ న్యాయస్థానమునకును పోరాదు. వారము తిరిగిన పిదప 14వ అధికరణమును కూడ ఆ జాబితాలో చేర్చిరి. ప్రాణమునకు, స్వేచ్ఛకు రక్షణ. పట్టుకొన్న కారణము తెలుపుమని అడుగుట. చట్టము ముందు సమానత: ఈ మూడింటికిని తలుపు మూతపడెను. హిమాలయములలో మన జవానులకు నాడు కొరవడినవి ఉన్నిబట్టలు, మంచి తుపాకులు, పోవుటకు త్రోవలు. పౌరుడు కోర్టు మెట్లెక్కకుండుటవలన వీనిలో ఏది సమకూరునో నాకిప్పటికిని బోధపడలేదు.

సరే, యుద్ధవేళ తొందరపాటు క్షమింపదగినదే యనుకొందము. నవంబరు 21న చైనా తనంత తానే కాల్పులు విరమించెను. పోరు నెలదినములు. ఆ పోరుకై చేసిన ప్రకటన మాత్రము 1968 జనవరి 10 వరకు, అనగా ఐదేండ్ల రెండున్నర మాసములు నిలిచెను. సంతకము చేసిన పెద్దమనిషి పదవి ముగించుకొని మద్రాసులోని తన ఇంటికి పోయిరి, సంతకము పోలేదు. దానిని రద్దుచేసినది వారి తరువాత వచ్చిన జాకీర్ హుస్సేన్ గారు. నడుమ 1965లో పాకిస్తానుతో యుద్ధము వచ్చెను గదా యని అడుగుదురేమో. వచ్చెను. దానికి ముందు దాదాపు మూడేండ్లు, తాష్కెంటు ఒప్పందము పిమ్మట సరిగా రెండేండ్లు ఏ యుద్ధమున్నది?

ఆ ఉత్తరువు నీడన ఏమి జరిగెనో ఒక్క సంగతి చెప్పెదను. మన సంఘ సభ్యులు దీనిని నిదానించి చదువవలెనని కోరుచున్నాను. అస్సాంలోని మాకుంలోను, షిల్లాంగు, డార్జిలింగు ప్రాంతములలోను తరతరములుగా చైనా వంశీయులు కాపురముండిరి. తేయాకు తోటల పనికి వచ్చినవారి మనుమలు, వడ్రంగులు, చెప్పుల దుకాణములవారు. పలువురికి అస్సామీ, నేపాలీ భాషలే ఇంటిభాషలు. 1962 నవంబరులో వారిని పిల్లలతో, ముసలివారితో సహా రైళ్లలో ఎక్కించి రాజస్థానములోని దేవళీ శిబిరమునకు తరలించిరి. దాదాపు మూడువేలమంది. నేరారోపణ లేదు, విచారణ లేదు. కొందరిని కొన్ని మాసములకు విడిచిరి, కొందరిని ఏండ్ల తరబడి ఉంచిరి. మరికొందరు మద్రాసు రేవున ఓడలెక్కి, తామెన్నడును చూడని చైనాకు పోయిరి. తిరిగివచ్చినవారికి ఇండ్లు వాకిండ్లు అన్యుల వశమై యుండెను. వీరి ముఖములు శత్రువు ముఖములవలె నుండుట తప్ప వీరు చేసిన తప్పేమి?

నేను మొదట చెప్పిన కారణ మిదియే. అల్పసంఖ్యాకులకు పాఠశాలను గూర్చియు లిపిని గూర్చియు రాజ్యాంగమిచ్చిన 29, 30 అధికరణములను మనము మాటిమాటికి వల్లించుచుందుము. ఆ హక్కులకు విలువ, కోర్టు తలుపు తెరచియున్నంత వరకే. ఆ తలుపు మూతపడినపుడు మొదట నలిగినది ఒక చిన్న సమాజమని మరువరాదు.

తక్కిన కథ క్లుప్తముగా చెప్పెదను. చైనా యుద్ధమునకై పుట్టిన నిబంధనల క్రిందనే 1964 డిసెంబరు చివర మార్క్సిస్టు నాయకులను దేశమంతట నిర్బంధించిరి. 1965 మార్చి ఎన్నికలలో కేరళలో ఆ పక్షమే పెద్దదిగా గెలిచెను. గెలిచినవారిలో అనేకులు జైలులో నుండిరి. ఆ శాసనసభ ఒక్కనాడైనను సమావేశము కాకుండగనే మార్చి 24న రద్దయ్యెను. వారి రాజకీయము మనకు రుచింపవచ్చును, రుచింపకపోవచ్చును. ఓటరు వేసిన ఓటు మాత్రము ఓటే కదా.

దీనికి పెద్దలు చెప్పు సమాధానము నాకు తెలియును: రాష్ట్రపతి మంత్రివర్గము సలహాపై నడచువాడు, ఆయనను నిందించి ప్రయోజనమేమి యని. నిజమే, ఆచారమదియే. కాని ఆచారము నోరు కట్టివేయలేదు. 1967 గణతంత్ర దినోత్సవపు ముందునాడు చేసిన ప్రసంగములో రాధాకృష్ణన్ గారే దేశములోని అసమర్థతను, వనరుల దుర్వినియోగమును ప్రభుత్వమునకు కటువుగా తోచునంత స్పష్టముగా ఖండించిరి. ధాన్యమును గూర్చియు ధనమును గూర్చియు పలుకగల నోరు, దేవళీలోని పసిపిల్లలను గూర్చియు పలుకవలసి యుండెను. ఏకాంతమున చెప్పిన హితవు చెరలోనివానికి వినబడదు. ధర్మమును గూర్చి ఆక్స్‌ఫర్డులో బోధించిన పండితునినుండి ఇంతమాత్రము ఆశించుట అత్యాశ కాదు.

నాడు పలికిన తెలుగువాడు ఒకరుండిరి. వారు రాజమహేంద్రవరపు కోకా సుబ్బారావు గారు. 1963 సెప్టెంబరులో మఖన్ సింగ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తులు కూర్చుండిరి. రాష్ట్రపతి ఉత్తరువు ముందర ఖైదీకి, తన హక్కు పోయినదని చెప్పుకొను దారి లేదని ఆరుగురు తీర్పిచ్చిరి. సుబ్బారావు గారొక్కరు భిన్నముగా వ్రాసిరి. ఆ ఉత్తరువు రాజ్యాంగము తెరచిన దారిని మూసినదే గాని, క్రిమినల్ ప్రొసీజరు కోడు 491వ సెక్షను హైకోర్టుల కిచ్చిన పాతదారిని మూయలేదని వారి వాదము. వకీళ్లకు తప్ప ఇతరులకు అది సన్నపు గీతవలె తోచును. జైలులో నున్నవానికి అది ఊపిరి. 1967లో వారు ప్రధాన న్యాయమూర్తి పదవిని వదలి రాష్ట్రపతి ఎన్నికలో ప్రతిపక్షముల పక్షాన నిలిచి ఓడిపోయిరి. గెలిచియుండిన ఆ ప్రకటన ఇంకను ముందే పోయెడిదా యని నేను అప్పుడప్పుడు తలపోయుదును.

రెండవమారు ఆ సంతకము చేసినదియు మనవారే. మైసూరు రాష్ట్రమునకు గవర్నరుగా నుండి బెంగుళూరువారికి సుపరిచితులైన వి. వి. గిరి గారు రాష్ట్రపతిగా 1971 డిసెంబరు 3న బంగ్లాదేశ యుద్ధవేళ అత్యవసర పరిస్థితి ప్రకటించిరి. యుద్ధము రెండు వారములలో జయప్రదముగా ముగిసెను. ప్రకటన 1977 మార్చి 27 వరకు సాగెను. 1974 మేలో రైల్వే కార్మికులు సమ్మె చేసినపుడు వేలాదిగా పట్టుటకు అక్కరకు వచ్చినవి ఆ భారత రక్షణ నిబంధనలును, 1971 జూలైలో పుట్టిన మీసా శాసనమును. నాడు రాష్ట్రపతి భవనములో నున్నది ఒకప్పుడు రైల్వే కార్మికులను సమ్మెలో నడిపించిన నాయకుడే!

ఆ పిమ్మటి సంగతి మన నగరమునకే వచ్చెను. 1975 జూన్‌లో, ఈ మారు యుద్ధమే లేకుండ, రెండవ ప్రకటన మొదటిదానిపై ఎక్కి కూర్చుండెను. జూన్ 27 నాటి ఉత్తరువులో మూసిన అధికరణములు 14, 21, 22. అనగా 1962లో మూసినవే. కొత్తగా కనిపెట్టవలసిన పని లేకపోయెను, నమూనా సిద్ధముగా నుండెను. పార్లమెంటు సంఘపు పనిపై బెంగుళూరు వచ్చిన అద్వానీ, వాజపేయి, మధు దండవతే గార్లను ఇక్కడనే పట్టి సెంట్రల్ జైలులో పెట్టిరి. మన కవి పఠాభి గారి భార్య, 'సంస్కార' చిత్రమున చంద్రి పాత్ర ధరించిన స్నేహలతారెడ్డి గారిని 1976 మేలో అదే జైలులో నిర్బంధించిరి. ఆమెది ఉబ్బస వ్యాధి. ఎనిమిది నెలలు విచారణ లేకుండ ఉంచి, 1977 జనవరి 15న విడిచిరి. జనవరి 20న ఆమె మరణించెను. నేడు ఆ జైలు ఫ్రీడం పార్కుగా మారినది. మనవారు సాయంకాలము పిల్లలను వెంటబెట్టుకొని అక్కడికి షికారు పోవుచుందురు.

గొళ్లెము పెట్టిన సంతకము మాత్రము మరల తెలుగుచేతిదే. 44వ రాజ్యాంగ సవరణకు 1979 ఏప్రిల్‌లో నీలం సంజీవరెడ్డి గారు ఆమోదముద్ర వేసిరి. నాటినుండి మంత్రివర్గము వ్రాతపూర్వకముగా తీర్మానించి పంపిననే రాష్ట్రపతి ప్రకటన చేయవలెను. నెలలోపల ఉభయసభలును హెచ్చు మెజారిటీతో ఒప్పుకొనవలెను. ఆరు మాసములకొకమారు మరల ఒప్పుకొనవలెను. 20, 21 అధికరణములను ఏ యుద్ధములోను నిలిపివేయరాదు. ఐనను 22వ అధికరణము, అనగా పట్టుబడినవాడు కారణమడుగు హక్కు, ఆ రక్షణలో చేరలేదు. ఆ సందు నేటికిని అట్లే యున్నది. సంజీవరెడ్డి గారు 1996 జూన్ 1న ఈ నగరముననే కన్నుమూసిరి. వారి సమాధి కల్పల్లి శ్మశానవాటికలో నున్నది. అక్కడికి మనలో ఎందరు పోయితిరో లెక్కించిన చేతివ్రేళ్లు చాలును.

కార్యవర్గమువారికి నాదొక సూచన. రాబోవు సెప్టెంబరు 5న పూలమాల యథాప్రకారముగా వేయుదము. పిదప ఉపన్యాసములలో ఒకదానిని తగ్గించి, 1962 నవంబరు 3 నాటి ఉత్తరువును, సుబ్బారావు గారి భిన్నాభిప్రాయమును తెలుగు చేసి సభలో చదివింతము. రెండును కలిపి అరగంట పట్టదు. అనువాదమునకు మన సభ్యులైన వకీళ్లలో ఇద్దరు పూనుకొన్న, ప్రతిని శుద్ధముగా వ్రాసి యిచ్చుటకు నేను సిద్ధము.