పెరటిలో తొలి గురి

పెరడు గల ఇంటికి ఫలములతోబాటు పిలువని అతిథులును తప్పరు. రాత్రివేళ పందికొక్కు కందమడిని త్రవ్విపోయును. తెల్లవారకమునుపే రామచిలుకలు జామకాయలను సగము కొరికి నేల రాల్చును. పూర్వము ఇట్టి బెడదకు చేనిలో మంచె, మంచెమీద వడిసెల, గట్టున దిష్టిబొమ్మ ఉండెడివి. నేడు పట్టణపు పెరళ్లకు గాలితుపాకి వచ్చినది. చప్పుడు తక్కువ, వెల అందుబాటు, లైసెన్సు అక్కరలేదు అని మూడు గుణములు చెప్పి అంగడివాడు దానిని అమ్ముచున్నాడు. పదవ తరగతి దాటిన కుమారుడు కోరగా తండ్రి కొనుచున్నాడు. ఏ తుపాకి మంచిదని అడుగువారు పలువురు. దానిని దేనిపై గురిపెట్టవలెనని అడుగువారు అరుదు. రెండవ ప్రశ్న తేలనిదే మొదటి ప్రశ్నకు సరియైన సమాధానము లభింపదు.

గాలితుపాకి ఆటవస్తువు అనునది మొదటి భ్రమ. చరిత్ర అట్లు చెప్పుట లేదు. 1780 ప్రాంతమున ఆస్ట్రియా సైన్యము గిరండోని అను నిపుణుడు రూపొందించిన గాలితుపాకులను యుద్ధమునకు వాడినది. 1804లో అమెరికా పడమటి దిక్కును శోధింప బయలుదేరిన లూయిస్, క్లార్కుల దండు ఒక గాలితుపాకిని వెంట గొనిపోయినది. మందు లేనంత మాత్రమున ఆయుధము బొమ్మ కాజాలదు. గుండును నెట్టునది మంటయా గాలియా అను భేదము తగిలిన ప్రాణికి తెలియదు.

ఇక ఎంపిక విషయము. నేడు దొరకు గాలితుపాకులు ముఖ్యముగా మూడు తెగలు. గొట్టమును వంచి స్ప్రింగును బిగించునది ఒకటి. ట్రిగ్గరు నొక్కగానే స్ప్రింగు ముషలకమును తోయును. ముషలకము గాలిని అదుమును. ఆ గాలి గుండును వెడలగొట్టును. బొగ్గుపులుసు వాయువు నింపిన చిన్న సీసాతో పనిచేయునది రెండవది. ముందుగనే అధిక పీడనముతో గాలి నింపి యుంచు తొట్టి గలది మూడవది. మూడవది గురికి శ్రేష్ఠమే. కాని పంపు, పీడనమాపకము మొదలగు పరికరముల ఖర్చు తోడగును. వాయుసీసా మాటిమాటికి కొనవలసి యుండును. చలికి దాని బలము తగ్గును. తొలిసారి పట్టువానికి స్ప్రింగు తుపాకియే తగినది. ప్రతి గుండుకు ఒకసారి గొట్టము వంచవలసిన శ్రమ అందులో ఉన్నది. ఆ శ్రమయే తొందరపాటును అరికట్టు గురువు.

బోరు 0.177 అంగుళము, అనగా 4.5 మిల్లీమీటర్లు, చాలును. 2016 నాటి ఆయుధ నియమముల ప్రకారము ఈ బోరును, 20 జౌళ్ల శక్తిని మించని గాలితుపాకులకు లైసెన్సు అక్కరలేదు. ఆ శక్తి ఎంతటిదో భౌతికశాస్త్రము చదువు విద్యార్థి తానే గుణించుకొనవచ్చును. అర గ్రాము బరువు గల సీసపు గుండు సెకనుకు 200 మీటర్ల వేగముతో వెడలినచో దాని శక్తి 10 జౌళ్లు. వేగము 280 మీటర్లకు పెరిగినచో శక్తి ఇంచుమించు రెట్టింపై 20 జౌళ్లకు చేరువగును. వేగము ఒకటిన్నర రెట్లు కూడ పెరుగలేదు. శక్తి మాత్రము రెట్టింపైనది. వేగవర్గమును అనుసరించి శక్తి పెరుగుననుటకు ఇంతకంటె మంచి లెక్క తరగతిలో దొరకదు.

వేగమే గొప్ప అని ప్రకటనలు ఘోషించును. అది రెండవ భ్రమ. మిక్కిలి తేలికైన గుండును వాడి కొలిచిన అంకెలను పెట్టెపై అచ్చువేయుట వాడుక. గుండు వేగము ధ్వనివేగమును, అనగా సెకనుకు సుమారు 340 మీటర్లను, దాటినచో కొరడా చెళ్లుమన్నట్లు శబ్దము పుట్టును. ఆ సరిహద్దులో గుండు నడక తడబడి గురియు చెడును. నిశ్శబ్దము కోరువాడు వేగము కోరరాదు. కొంచెము బరువైన గుండు, మితమైన వేగము, నునుపైన ట్రిగ్గరు, భుజమునకు సరిపోవు మడమ, అలసట లేక ఎత్తగల బరువు — ఇవి చూచి కొనవలెను. దుర్భిణి మొదటనే అక్కరలేదు. స్ప్రింగు తుపాకి ముందుకును వెనుకకును అదరుటచే సామాన్యమైన దుర్భిణి త్వరలోనే పాడగును. గుండు లేకుండ పేల్చరాదు. గొట్టము వంచి గుండు పెట్టునప్పుడు గొట్టమును చేతితో గట్టిగా పట్టుకొనవలెను. జారి మూసికొన్నచో వ్రేళ్లు నలుగును.

ఇంతవరకు అంగడివాడును కాదనడు. ఇకమీద చెప్పునది అతడు చెప్పనిది.

నిశ్శబ్దము గాలితుపాకికి గుణమని పేరు. నిజమునకు అదియే దాని దోషము. మందుతుపాకి ప్రేలినచో వీధియంతయు ఉలికిపడును, పిల్లలు లోపలికి పరుగెత్తుదురు. గాలితుపాకి ఎవ్వరిని హెచ్చరింపదు. చెట్టుకొమ్మపై చిలుకకు గురిపెట్టిన గుండు తప్పినచో ఆకాశమున కరగిపోదు. గోడ దాటి రెండు మూడు వందల గజములు కూడ పోగలదు. అచ్చట మిద్దెపై బట్టలు ఆరవేయు ఇల్లాలు ఉండవచ్చును, గాలిపటము ఎగురవేయు బాలుడు ఉండవచ్చును. కంటికి తగిలినచో ఆ కన్ను మరల రాదు. రామాయణమున దశరథుడు శబ్దవేధి విద్యలో ఆరితేరినవాడు. సరయూతీరమున చీకటిలో కుండ మునిగిన చప్పుడు విని, ఏనుగు నీరు త్రాగుచున్నదని బాణము వేసెను. కూలినది లోకము శ్రవణకుమారుడని పిలుచు మునిబాలుడు. దశరథుని గురి తప్పలేదు, తప్పినది వివేకము. గుండు ఎచ్చట ఆగునో కంటితో చూడనిదే ట్రిగ్గరుపై వ్రేలు ఉంచరాదన్న నియమమునకు ఇంతకు మించిన పాఠము వేరొకటి లేదు.

తరువాతి ప్రశ్న: పీడ ఏది? కాయ తిన్నదెల్ల పీడ కాదు. 1958లో చైనా దేశము ఎలుకలు, ఈగలు, దోమలతోబాటు పిచ్చుకలను కూడ పీడలుగా నిర్ణయించి, ప్రజలందరిచే వేటాడించినది. పిచ్చుకలు పోగా, అవి తిను పురుగులు పంటలపై పడినవి. 1960లో పిచ్చుకల పేరు కొట్టివేసి ఆ స్థానమున నల్లులను చేర్చిరి. అంత పెద్ద ప్రభుత్వమే పొరబడిన విషయమున ఒక పెరటి యజమాని పొరబడుట వింత కాదు.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము వేట అనగా చంపుట మాత్రమే కాదు; రక్షిత ప్రాణిని గాయపరచుట, తరుముట, గ్రుడ్లను గూళ్లను పాడుచేయుట కూడ వేటయే. జామచెట్టుపై వ్రాలు రామచిలుక రక్షిత పక్షి. నెమలి మాట చెప్పనక్కరలేదు. కాకి, పండ్లు తిను గబ్బిలము, ఎలుక, చుంచు పూర్వము ఆ చట్టపు ఐదవ షెడ్యూలులో పీడలుగా ఉండెడివి. 2022 సవరణతో ఆ షెడ్యూలే తొలగినది. తుపాకికి లైసెన్సు అక్కరలేకపోవుట ఒకటి, ప్రాణిని చంపుటకు అనుమతి యుండుట మరియొకటి. ఈ రెంటిని ఒకటిగా భావించి చిక్కులలో పడువారు తక్కువగా లేరు. వీధికుక్కపైనో కోతిపైనో “భయపెట్టుటకు మాత్రమే” అని పేల్చుట మరింత క్రూరము. 20 జౌళ్ల లోపు గుండు కోతిని వెంటనే చంపకపోవచ్చును. గాయములో చీము పట్టి నెలల తరబడి బాధించును. బాధపడు కోతి మునుపటికంటె ఎక్కువగా కరచును.

ఇక మిగిలినది ఎలుక. అది రాత్రించరము. దాని తలలో ప్రాణస్థానము రూపాయి నాణెమంత కూడ ఉండదు. చీకటిలో, కదలు ఎలుకపై, క్రొత్తగా తుపాకి పట్టినవాడు దానిని కొట్టగలడనుట అత్యాశ. గాయపడి కలుగులో చచ్చిన ఎలుక ఇంటికంతకు దుర్గంధము. సీసము తగిలిన దానిని తిన్న గుడ్లగూబకు విషము. నెల్లూరు సీమ యానాదులు తరతరములుగా పొలములలో ఎలుకలను పట్టుటలో ప్రసిద్ధులు. కలుగుల ద్వారములు కనిపెట్టి, ఒకటి విడిచి మిగిలినవి మూసి, కుండతో పొగ ఊది పట్టుదురు. ఎలుక ఎచ్చట తిరుగునో, ఏ దారిని పోవునో తెలిసికొనుటలోనే ఆ విద్య సారమంతయు ఉన్నది. పెరటిలో కన్నములు మూయుట, ధాన్యము మూతపెట్టుట, జామగుత్తులకు వల కట్టుట, బోను పెట్టుట — ఇవి చేసిన పిదప తుపాకికి మిగులు పని స్వల్పము.

ఒక్కొక్క గుండు చిన్నదే కదా అనువారు అరుణాచలప్రదేశము వంక చూడవలెను. అచ్చటి అడవులలో గాలితుపాకుల వేటవలన పక్షుల సంఖ్య క్షీణించుచుండగా, 2021 మార్చిలో తుపాకుల అప్పగింత ఉద్యమము ఆరంభమైనది. వేట ఆచారముగా గల గ్రామములవారే స్వచ్ఛందముగా రెండువేలకు పైగా తుపాకులను అప్పగించిరి. ఆ తుపాకులు కొన్ననాడు వాని యజమానులును ఒక పక్షియే కదా అనుకొని యుందురు.

అట్లయిన గాలితుపాకి ఇంటికి తేనేరాదా? నిషేధము ఉపాధ్యాయునికి తగిన ఉత్తరము కాదు. నిషేధించినది పిల్లలకు మరింత రుచించును. ఇందుకు సమాధానము మహాభారతమున ఉన్నది. ద్రోణుడు శిష్యులను పరీక్షింపదలచి చెట్టుకొమ్మపై ఒక పక్షిని నిలిపెను. అర్జునునకు పక్షి తల తప్ప వేరేమియు కనబడలేదన్న కథ ప్రతి బాలునికి తెలియును. ఆ పక్షి శిల్పులచే చేయించిన కృత్రిమ పక్షి అన్న సంగతి మాత్రము పలువురు మరచిరి. చుట్టును అడవి యున్నది, సజీవపక్షులకు కొదవ లేదు. అయినను ద్రోణుడు తొలి గురికి బొమ్మనే నిలిపెను. ఆయుధవిద్యలో అంతటి ఆచార్యుడు ఎంచిన క్రమమును త్రోసిపుచ్చుటకు పెరటి జామకాయలు చాలిన కారణము కావు.

నేటి కాలమునను ఆ మార్గము మూసికొనిపోలేదు. ఒలింపిక్సు గాలితుపాకి పోటీలో గురి దూరము 10 మీటర్లు. నడిమి చుక్క వ్యాసము అర మిల్లీమీటరు. 2008లో బీజింగులో అభినవ్ బింద్రా ఈ పోటీలోనే స్వర్ణపతకము గెలిచెను. 2012లో లండనులో హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ కాంస్యము గెలిచెను. పెరటిలో గట్టి మట్టిగోడ, దాని ముందు ఇసుక నింపిన పెట్టె, పెట్టెపై గురికాగితము, ప్రక్కన పెద్దవాడొకడు — ఇంతే కావలసినది. పది గజముల దూరమున వరుసగా పది గుండ్లు రూపాయి నాణెమంత వలయములో పడువరకు ఆ బాలుడు వేరు దేనిపైనను గురిపెట్టరాదు. ఆ నేర్పు వచ్చునప్పటికి ప్రాణిపై గురిపెట్టవలెనన్న కోరిక చాలమందిలో దానంతటదే సడలును.

సాలిం అలీ మాటయేమని కొందరు అడుగవచ్చును. ఆయన పక్షిశాస్త్రమునకు వచ్చినది గాలితుపాకి దారినే. బాల్యమున బొంబాయి ప్రాంతమున ఒక గూటివద్ద ఏడు దినములలో ఎనిమిది మగపిచ్చుకలను కొట్టి, ప్రతిసారి ఆడపిచ్చుక క్రొత్త జతను తెచ్చుకొన్న విధమును వ్రాసి పెట్టుకొనెను. 1908 ప్రాంతమున కంఠముపై పసుపు మచ్చ గల ఒక పిచ్చుకను కొట్టి, ఇది ఏ జాతిదని మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీని అడిగెను. మేనమామకు తెలియలేదు, గద్దించి పంపక, బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు కార్యదర్శి మిల్లర్డునకు ఉత్తరము వ్రాసి ఇచ్చెను. మిల్లర్డు ఆ బాలునికి సంఘములోని పక్షుల సేకరణనంతయు చూపెను. ఆ బాలుడే పిమ్మట 1931-32లో హైదరాబాదు సంస్థానపు పక్షులను సర్వే చేసెను, 1941లో భారతదేశపు పక్షులపై గ్రంథము వెలువరించెను, 1985లో తన ఆత్మకథకు ఆ పిచ్చుక పతనమునే పేరుగా పెట్టెను.

గాలితుపాకి ఆనాడు వేలకొలది బాలుర చేతులలో ఉండెడిది. వారందరు సాలిం అలీలు కాలేదు. ఆయనను తీర్చినది తుపాకి కాదు. ప్రశ్నను గౌరవించిన మేనమామ, దానికి బదులు చెప్పిన మిల్లర్డు. ఇంటింటికి తుపాకి అందుబాటైన ఈనాడు పాఠశాలలకు కొరతయైనది ఆ ఇరువురే. చచ్చిన పిచ్చుకను చేతబట్టుకొని వచ్చు బాలుడు ఏ ఊరిలోనైనను ఉండవచ్చును. వాడు మొట్టమొదట తలుపు తట్టునది తన ఉపాధ్యాయుని ఇంటనే. అప్పుడు వానికి దొరకు మాటయే, తరువాత వాని కన్ను దేనిపై నిలుచునో నిర్ణయించును.