డ్రోన్ వీడియో చూశాం సరే.. లెక్క ఎక్కడ? నిర్మల్‌లో కడెం నుంచి దిలావర్‌పూర్ దాకా తేలాల్సిన ప్రశ్న

జులై వచ్చిందంటే మన ఫోన్లలో ఒక వీడియో పక్కాగా తిరుగుతుంది. కడెం ప్రాజెక్టు గేట్ల నుంచి దూకే ఎర్రటి నీళ్లు, పైన చుట్టూ తిరిగే డ్రోన్, వెనకాల ఏదో సినిమా బీజీఎం. మేం పోస్ట్ చేస్తాం, మీరు చూస్తారు, షేర్ చేస్తారు. లక్షల్లో వ్యూస్ వస్తాయి.

కానీ ఆ వీడియో చూశాక ఒక్క ప్రశ్న వేసుకోండి. నీళ్లు ఏ ఊరిలో ఏ గల్లీ దాకా వచ్చాయి? పోయినసారి కంటే ఎంత ఎక్కువ? జవాబు అందులో దొరకదు. ఎందుకంటే అది చూపించడానికి తీసిన వీడియో, కొలవడానికి తీసింది కాదు. నిర్మల్ జిల్లాలో ఇప్పుడు కావాల్సింది ఆ రెండోది.

కడెం రెండుసార్లు భయపెట్టింది

2022 జులై రెండో వారం గుర్తుందా? గేట్లన్నీ కలిపి వదలగలిగే దానికంటే ఎక్కువ వరద కడెం ప్రాజెక్టుకు వచ్చింది. ఇన్‌ఫ్లో 5 లక్షల క్యూసెక్కులు దాటింది. ఉన్నవి 18 గేట్లు, పూర్తి నీటిమట్టం 700 అడుగులు. నీళ్లు గేట్ల పైనుంచి పారాయి. దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. డ్యామ్ ఉంటుందా పోతుందా అని రాష్ట్రమంతా ఊపిరి బిగబట్టి చూసింది.

సరిగ్గా ఏడాదికి, 2023 జులై 27న మళ్లీ అదే సీన్. ఈసారి కొన్ని గేట్లు మొరాయించాయి. మళ్లీ గేట్ల మీదుగా నీళ్లు, మళ్లీ దిగువ ఊళ్లలో పరుగులు.

నిర్మల్ పట్టణంలోనూ ఇదే కథ. 2021 జులైలో జీఎన్‌ఆర్ కాలనీ నీట మునిగితే జనాన్ని పడవల్లో బయటకు తేవాల్సి వచ్చింది.

ఈ మూడు సందర్భాల్లోనూ వీడియోలకు కొదవ లేదు. మరి ఆ తర్వాత? నీళ్లు దిగిపోయిన మర్నాడు గోడల మీద, చేలల్లో బురద గీత మిగులుతుంది. వరద ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే అసలు సాక్ష్యం అదే. ఒక వాన పడితే చెరిగిపోతుంది. అది చెరిగేలోపే డ్రోన్ ఎగరాలి.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. జోరు వానలో, ఈదురుగాలిలో మామూలు చిన్న డ్రోన్ ఎగరదు. బ్యాటరీ కూడా ఒక్కసారికి అరగంట అటూఇటూ వస్తుంది. అంటే వరద నడుస్తున్నప్పుడు డ్రోన్ మీద ఆశ పెట్టుకుంటే చాలాసార్లు చేతికి అందదు. దాని అసలు పని వానాకాలానికి ముందు, వరద దిగాక. ముందు ఎగిరితే ఏ కాలనీ పల్లంలో ఉంది, ఏ వాగు పూడిపోయింది, ఏ నాలా మీద కట్టడం వచ్చింది అన్నది తెలుస్తుంది. తర్వాత ఎగిరితే ఎంత మునిగింది, పంట నష్టం ఎంత అన్నది తేలుతుంది.

ఫొటో లెక్కగా ఎలా మారుతుంది?

సర్వే డ్రోన్ గాల్లో చక్కర్లు కొట్టదు. దుక్కి దున్నినట్టు సాలు వెంట సాలు పోతుంది. ఒక్కో ఫొటో ముందు ఫొటోను ముప్పావు వంతు కప్పేలా తీస్తుంది. ఒకే చోటు వేర్వేరు కోణాల్లో పడుతుంది కాబట్టి, సాఫ్ట్‌వేర్ ఆ ఫొటోలన్నీ కుట్టి ఒకే మ్యాప్ చేస్తుంది, నేల ఎత్తుపల్లాలు కూడా లెక్కగడుతుంది. కచ్చితత్వం కోసం నేల మీద కొన్ని గుర్తులు పెట్టి, వాటిని జీపీఎస్‌తో కొలుస్తారు.

శాటిలైట్ ఉంది కదా, డ్రోన్ ఎందుకు అంటారా? ఉచితంగా దొరికే సెంటినెల్-2 ఫొటోలో ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్లు. మన పెంకుటిల్లు ఒక్క చుక్కలో కలిసిపోతుంది. పైగా వానాకాలంలో మబ్బులు అడ్డం. వంద మీటర్ల ఎత్తులో ఎగిరే డ్రోన్ ఫొటోలో ఒక్కో చుక్క సుమారు మూడు సెంటీమీటర్లు. నాలా గట్టు ఎంత జరిగిందో కూడా కనిపిస్తుంది.

ఇసుక సంగతే తీసుకోండి. ఎకరం వాగులో ఒక మీటరు లోతు తవ్వితే దాదాపు 4,000 క్యూబిక్ మీటర్ల ఇసుక పోయినట్టు. ఎన్ని ట్రాక్టర్లు పోయాయని రాత్రంతా కాపలా కాసి లెక్కపెట్టక్కర్లేదు. తవ్వకానికి ముందు ఒక మ్యాప్, తర్వాత ఒక మ్యాప్ ఉంటే తేడా బయటపడుతుంది. ఇదేం కొత్త ఐడియా కాదు. 2020లో కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన ఇసుక తవ్వకాల పర్యవేక్షణ మార్గదర్శకాల్లోనే డ్రోన్ సర్వే మాట ఉంది. వానలకు ముందు, వానల తర్వాత కొలవాలని కూడా ఉంది.

ఇక్కడ కీలకం ఒక్కటే.. అదే దారి, అదే ఎత్తు, మళ్లీ మళ్లీ. ఒక్కసారి తీస్తే అది ఫొటో. రెండోసారి తీస్తేనే సాక్ష్యం.

దిలావర్‌పూర్‌లో డ్రోన్ ఏం చెప్పగలదు? ఏం చెప్పలేదు?

2024 నవంబర్ 26. దిలావర్‌పూర్, గుండంపల్లి జనం ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ జాతీయ రహదారి 61 మీదికొచ్చారు. ఆడవాళ్లు, పిల్లలు, ముసలోళ్లు అందరూ రోడ్డు మీదే. మాట్లాడడానికొచ్చిన ఆర్డీవోను గంటల కొద్దీ కదలనీయలేదు. మర్నాడు కూడా ఆందోళన ఆగలేదు. చివరికి పనులు ఆపాలని సర్కారు ఆదేశించింది.

జనం భయం ఏంటి? మా నీళ్లు పాడవుతాయి, మా చేలు పాడవుతాయి, మా గాలి పాడవుతుంది అని. ఫ్యాక్టరీల వైపు నుంచి ఎక్కడైనా వచ్చే మాట.. ఏమీ కాదు, అంతా శుద్ధి చేస్తాం అని. ఈ రెండు మాటల మధ్య నిలబడి చెప్పే లెక్క ఊరి చేతిలో ఉందా?

ఇలాంటి చోట డ్రోన్ కొంత చేయగలదు. పనులు మొదలుకాకముందే చెట్లు, చేలు, వాగు, బావులు ఎలా ఉన్నాయో రికార్డు చేసి పెట్టొచ్చు. మల్టీస్పెక్ట్రల్ కెమెరా పెడితే, కంటికి కనిపించని కాంతిని బట్టి పంట పచ్చదనం తగ్గుతోందా అని గమనించొచ్చు. మురుగు నీటి గుంట పొంగి బయటకు పారితే గోడ అవతలి సంగతి కూడా పైనుంచి కనిపిస్తుంది.

కానీ డ్రోన్ కెమెరా నీళ్ల రుచి చూడలేదు. బోరు నీటిలో ఏం కలిసిందో చెప్పలేదు. వాసన పట్టదు. పైరు పచ్చదనం తగ్గితే అది కాలుష్యం వల్లా, తెగులు వల్లా, నీళ్లు అందకనా అని తేల్చదు. దానికి నేల మీద మనిషి నడవాలి, సీసాలో నీళ్లు పట్టాలి, ల్యాబ్‌కు పంపాలి. ఎక్కడ సీసా ముంచాలో చూపించడమే డ్రోన్ పని. ఈ తేడా చెప్పకుండా "డ్రోన్ నిఘా పెట్టాం" అని ఎవరన్నా అంటే, అది ఊరికి భరోసా కాదు.

అడవిలో ఇంకో లెక్క

నిర్మల్ జిల్లా కవ్వాల్ టైగర్ రిజర్వ్‌లో భాగం. 2012లో ప్రకటించిన ఈ రిజర్వ్ పాత ఆదిలాబాద్‌లోని నాలుగు జిల్లాల మీద పరుచుకుని ఉంది. 2024 చివర్లో మహారాష్ట్ర వైపు నుంచి వచ్చిన ఒక మగపులి తోడు కోసం నిర్మల్, ఆదిలాబాద్ అడవుల్లో వందల కిలోమీటర్లు తిరిగింది. జనం నోట్లో "జానీ"గా నానిన పులి అదే. ఆ నవంబర్ నెలాఖరులోనే పక్కనున్న కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కాగజ్‌నగర్ మండలంలో పత్తి చేనులో పనికెళ్లిన యువతి పులి దాడిలో చనిపోయింది. అటవీ సిబ్బంది డ్రోన్లతో గాలించారు.

గమనించారా? ఇక్కడ కూడా డ్రోన్ ప్రాణం పోయాకే ఎగిరింది. సిబ్బందిని తప్పుపట్టడానికి ఈ మాట అనట్లేదు. దట్టమైన ఆకుల కింద పులి పైనుంచి కనిపించదు, అక్కడ కెమెరా ట్రాప్, అడుగుజాడలే దిక్కు. కానీ ఆకురాలే ఎండాకాలంలో టేకు అడవి పైనుంచి తేటగా కనిపిస్తుంది. అడవి అంటుకునేదీ అప్పుడే. శాటిలైట్ అలర్ట్ ఇచ్చే చుక్క 375 మీటర్ల వెడల్పు ఉంటుంది. మంట ఏ గుట్ట పక్కన ఉంది, ఎటు పోతోంది అన్నది తేల్చడానికి డ్రోన్ మంచి సాయం. అలాగని ఎవరు పడితే వాళ్లు ఎగరేయడానికి లేదు. ఆ చప్పుడుకు గూళ్లలోని పక్షులు, జంతువులు బెదురుతాయి. రిజర్వ్ లోపల అటవీ శాఖ అనుమతి తప్పనిసరి.

రూల్స్ ఏం చెప్తున్నాయి?

2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా ఎగరడానికి విడిగా అనుమతి అక్కర్లేదు. మీ చోటు ఏ జోన్‌లో ఉందో డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోవాలి. డ్రోన్‌కు రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు, వ్యాపారం కోసం కాని 2 కిలోల లోపు మైక్రో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అంటే ఊరి చెరువును కొలవడానికి చట్టం పెద్ద అడ్డంకి కాదు.

మరి ఎగరేసేదెవరు? నమో డ్రోన్ దీదీ పథకం కింద దేశంలో 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని కేంద్రం 2023లో నిర్ణయించింది. అవి మందు కొట్టే డ్రోన్లు, సర్వేకు వేరే కెమెరా కావాలి. కానీ ఎగరేయడం నేర్చుకున్న మనిషి ఊళ్లో ఉంటే సగం పని అయినట్టే.

అసలు ప్రశ్న.. ఆ మ్యాప్ ఎవరి చేతిలో?

ఇప్పుడు డ్రోన్లు లేవా అంటే ఉన్నాయి. పోలీసుల దగ్గర ఉన్నాయి, అటవీ సిబ్బంది వాడుతున్నారు, పెళ్లి వీడియోగ్రాఫర్ల దగ్గర ఇంకా ఎక్కువ. లేనిదల్లా.. తీసిన మ్యాప్ ఊరి వాళ్లు చూసే వీలు.

పెరూ దేశంలోని లొరెటో అడవుల్లో 2018లో ఒక ప్రయోగం చేశారు. అడవి ఎక్కడ నరుకుతున్నారో శాటిలైట్ అలర్టులను 36 గిరిజన గ్రామాల వాళ్ల ఫోన్లకే అందేలా చేశారు, గస్తీకి వాళ్లకే శిక్షణ ఇచ్చారు. అలర్టులు అందని ఊళ్లతో పోలిస్తే మొదటి ఏడాది నరికివేత సగం దాకా తగ్గింది. రెండో ఏడాది ఆ ప్రభావం కొంత తగ్గిందనుకోండి. అక్కడ వాడింది డ్రోన్ కాదు. పని చేసింది సమాచారం, అది చేరిన చేయి.

మన దగ్గర దీనికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు. ప్రతి మే నెలలో ఒకసారి, నవంబర్‌లో ఒకసారి.. కడెం దిగువ, స్వర్ణ వాగు, నిర్మల్ పట్టణ చెరువులు, ఇసుక రీచ్‌లు, గొడవ నడుస్తున్న ఫ్యాక్టరీ స్థలాలు. అదే దారిలో ఎగరాలి. మ్యాప్ ప్రింట్ తీసి గ్రామ పంచాయతీ గోడకు అంటించాలి. మనుషుల ముఖాలు, ఇళ్ల లోపలి దృశ్యాలు అందులో ఉండకూడదు. చెరువు హద్దు ఎంత జరిగిందో, వాగు ఎంత లోతు పోయిందో ఊరి పెద్దమనిషికీ, పదో తరగతి పిల్లాడికీ ఒకేలా కనిపించాలి.

అప్పుడు గ్రామసభలో "చెరువు కబ్జా అయింది" అని ఒకరు, "కాలేదు" అని ఇంకొకరు అరుచుకోవాల్సిన పని ఉండదు. గోడ దగ్గరికి పోయి చూస్తే సరిపోతుంది.

వచ్చే జులైలో కడెం వీడియో మళ్లీ వస్తుంది. మేం మళ్లీ పెడతాం, మీరు చూడండి. కానీ షేర్ చేసే ముందు కింద కామెంట్‌లో ఒక మాట అడగండి.. "మేలో తీసిన మ్యాప్ ఏది?"