పాత సైకిలు, గుండెల మీద బరువు

ప్రశ్న: నా వయస్సు 51. ఎడ్లపాడు దగ్గర స్పిన్నింగు మిల్లులో లెక్కలు రాస్తుంటాను. నాలుగేళ్ళుగా షుగరు వుంది, మాత్రలు వాడుతున్నాను. రోజూ నడవమని డాక్టరుగారు చెబితే పది రోజులు నడిచి, విసుగుపుట్టి మానేశాను. చదువుకునే రోజుల్లో చిలకలూరిపేటకు సైకిలు మీదే వెళ్ళి వచ్చేవాణ్ణి. ఆ సరదా మళ్ళీ పుడుతుందేమోనని 1,800 రూపాయలకు ఒక పాత హెర్క్యులిస్ సైకిలు కొన్నాను. గేర్ల సైకిలు కొనిపెడతానని మా అబ్బాయి అన్నా వద్దన్నాను. మా ఆవిడ నవ్వుతోంది. కాని తొక్కుతున్నప్పటినుంచీ మోకాళ్ళ ముందు భాగం నొప్పిగా వుంటోంది. రాత్రిళ్ళు వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకుంటున్నాను. కొండవీడు దారిలో మెరక ఎక్కేటప్పుడు రెండుసార్లు గుండెల మీద బరువు పెట్టినట్లయింది. దిగి నిలబడితే అయిదు నిమిషాల్లో పోయింది. గ్యాసనుకుంటాను. ఈ వయస్సులో సైకిలు తొక్కవచ్చునా?
— ఒక పాఠకుడు, ఎడ్లపాడు

జవాబు: తొక్కవచ్చు. కాని రేపు ఉదయం మాత్రం వద్దు.

మోకాళ్ళ గురించి వివరంగా రాసి, గుండెల మీద బరువును గ్యాసని తేల్చేశారు. గ్యాసుకు మెరకా పల్లమూ తెలియవు. శ్రమ పడినప్పుడు వచ్చి, ఆగగానే తగ్గిపోయే బరువును ఆంజైనాగా అనుమానించాలి. గుండె కండరానికి రక్తం తీసుకువెళ్ళే ధమనులు సన్నబడితే, మామూలు పనికి సరిపోయే రక్తం మెరక ఎక్కడానికి సరిపోదు. మీకు షుగరు వుంది కనుక ఈ అనుమానం మరింత బలమైనది. షుగరున్న కొందరికి అసలు నొప్పే రాదు, ఆయాసమో చెమటలో మాత్రమే కనబడతాయి. మీకు హెచ్చరిక వచ్చింది, అదే నయం.

ఈ వారంలోనే నరసరావుపేటలోనో, గుంటూరులోనో గుండె డాక్టరుకు చూపించుకోండి. వెళ్ళడం బస్సులోనే సుమా! ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు వుంది, ఎలా తగ్గింది అన్నది వున్నదున్నట్లు చెప్పండి. పడుకోబెట్టి తీసిన ఇ.సి.జి. బాగానే వుందని ఊరుకోకూడదు. విశ్రాంతిలో అది మామూలుగానే వుండవచ్చు. ట్రెడ్‌మిల్ పరీక్షో, మరొకటో అవసరమైతే వారే చెబుతారు. ఈలోగా సైకిలు ముట్టవద్దు. ఊరకే కూర్చున్నప్పుడు బరువు వచ్చినా, పది నిమిషాల్లో తగ్గకపోయినా, ఎడమ చేతికో దవడకో పాకి చెమటలు పట్టినా వెంటనే 108కి ఫోను చేయించండి.

డాక్టరు సరేనన్న తరువాత సైకిలు సంగతి. పాతది కొన్నందుకు నేను నవ్వను. అబ్బాయి కొనిచ్చే గేర్ల సైకిలు నడక లాగే పదకొండో రోజున మూలపడవచ్చు. తెలిసిన బండి మీద మమకారం వుంటుంది. అయితే దాని బరువు సుమారు 20 కిలోలు, గేర్లు లేవు. మెరక వచ్చినప్పుడు దిగి నడిపించుకు వెళ్ళండి. పాతికేళ్ళ కుర్రాడిలా నిలబడి తొక్కవలసిన అవసరం ఎవరికీ లేదు.

మీ మోకాళ్ళ నొప్పికి కారణం బహుశా సీటే. పాదాలు రెండూ నేలకు ఆనేటట్లు సీటు దించుకోవడం మనవాళ్ళకు అలవాటు. అలా తొక్కితే మోకాలు బాగా ముడుచుకుని, చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది. సీటు మీద కూర్చుని, పెడలు పూర్తిగా కిందికి వున్నప్పుడు మడమ ఆనిస్తే కాలు తిన్నగా చాపినట్లుండాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా మాత్రమే వంగుతుంది. మోకాళ్ళ అరుగుదల వున్నవారికి సైకిలు మంచి వ్యాయామమే, ఎందుకంటే ఒంటి బరువంతా మోకాళ్ళ మీద పడదు. తొక్కుతుండగా తొడల మధ్య తిమ్మిరెక్కితే సీటు మార్చండి. సైకిలు తొక్కితే మగతనం పోతుందని మరో ఇద్దరు పాఠకులు భయపడుతూ రాశారు. ఆ భయం అక్కరలేదు, తిమ్మిరిని నిర్లక్ష్యం చేయకపోతే చాలు.

బండిని ఓవరాయిలింగు చేయించండి. ముందు ఫోర్కు దగ్గర పగుళ్ళుగాని, రంగు కింద దాచిన వెల్డింగుగాని వున్నాయేమో చూడమనండి. పాత బ్రేకు రబ్బర్లు రాయిలా గట్టిపడి వుంటాయి, మార్పించండి. వాన పడితే ఇనప రిమ్ములు తొందరగా పట్టవు.

మొదటి వారం రోజు విడిచి రోజు, చదునైన వూరి దారిలో పది నిమిషాలు చాలు. తొక్కుతూ మాట్లాడగలిగేంత వేగమే వుండాలి. పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అంతవరకు రావడానికి రెండు మూడు నెలలు తీసుకోండి. తెల్లవారాకే బయలుదేరండి. లారీలు తిరిగే జాతీయ రహదారి మీదికి వెళ్ళవద్దు.

మీ మాత్రల పేరు రాయలేదు. కొన్ని మాత్రలతో వ్యాయామంలో చక్కెర మరీ పడిపోవచ్చు. డాక్టరుకు మాత్రలు చూపించి అడగండి. వట్టి కడుపుతో తొక్కవద్దు. జేబులో నాలుగు చెంచాల పంచదార పొట్లం వుంచుకోండి. కాళ్ళకు చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. రబ్బరు ఊడిన పెడలు గీసుకున్న పుండు షుగరున్నవారికి త్వరగా మానదు. ఇంటికి రాగానే రెండు పాదాలూ చూసుకోండి.