దమ్మక్క దగ్గర ఆగిపోయిన కథ

పురాణాన్ని తిరగరాసే నవల వచ్చినప్పుడల్లా మన దగ్గర చర్చ ఒక్కచోటే చిక్కుకుంటుంది: మూలాన్ని మార్చే హక్కు ఎవరిచ్చారు? భద్రాచలం ప్రాంతంలో నిలబడి ఈ మాట అనడం కష్టం. ఇక్కడి గర్భగుడిలో రాముడికి నాలుగు చేతులు, ఒడిలో సీత. వాల్మీకి అడవులకు పంపిన రాముడు ఇలా ఉండడు. కొండ అంటే మేరువు కొడుకు భద్రుడనీ, పర్ణశాల వాగు రాళ్లమీది చారలు సీతమ్మ చీర ఆరేసిన గుర్తులనీ, ఏటపాక జటాయువు పడిన చోటనీ ఈ నేల తన రామాయణాన్ని తానే అల్లుకుంది. ఏ భక్తుడూ దాన్ని అపచారమనలేదు. కథ మారిందా అన్నది కాదు, ఆ మార్పులో ఎవరికి చోటు దొరికిందన్నదే అడగాల్సింది.

ఆడవాళ్లకు దొరికింది, అదీ అచ్చుయంత్రం రాకముందే. నిద్రపోయే రాకుమారి కథ చాలా దేశాల్లో ఉంది. రాకుమారుడు రాగానే ఆమె కళ్లు తెరుస్తుంది, పెళ్లవుతుంది. మన స్త్రీల పాటల్లో పద్నాలుగేళ్లు నిద్రపోయిన ఊర్మిళ మాత్రం లేచి, వచ్చినవాడు మొగుడని గుర్తుపట్టక, పరాయి మగవాడివి ఇక్కడికెలా వచ్చావని నిలదీస్తుంది. సీతకు, ఊర్మిళకు తామే మొదట గొంతిచ్చామని చెప్పుకునే నేటి రచయితలు ఆ పాటలు ఒకసారి వింటే మంచిది. 2015లో సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన ఓల్గా ‘విముక్త’ నవల కాదు, కథల సంపుటి. అయినా ఈ దారిలో మనకున్న గట్టి రచన అదే. అందులో శూర్పణఖ ఏడుస్తూ కూర్చోదు, తోట పెంచుకుంటుంది. కానీ ఆమె తోట కూడా చివరికి సీత కళ్లు తెరిపించడానికే పనికొస్తుంది. మాట్లాడేవాళ్లు మారారు, అడవి మాత్రం అయోధ్యవాళ్లు వచ్చి జ్ఞానం సంపాదించుకునే చోటుగానే మిగిలింది.

ఈ అడవుల్లోని కోయలకు సమ్మక్క సారలమ్మలున్నారు, తమ ఇలవేల్పులున్నారు, వాళ్లను రామాయణంలోకి లాగడమెందుకని అడగవచ్చు. సగం నిజమే. శూర్పణఖకు కోయ నగలు తగిలించి అదే న్యాయమనుకునే నవల కొత్త అవమానమే అవుతుంది. అయితే భద్రాచలం కథలోని దమ్మక్క బయటినుంచి తెచ్చిపెట్టాల్సిన పాత్ర కాదు. స్థలపురాణం ప్రకారం విగ్రహాలు కనుక్కున్నదీ, పందిరి వేసి తాటిపండ్లు నైవేద్యం పెట్టిందీ ఆ గిరిజన స్త్రీయే. ఆపైన కథ గుడి కట్టించిన గోపన్నది, ఆయన్ని పెట్టిన గోల్కొండ చెరసాలది. గుడి కట్టాక ఆమె పూజ ఏమైంది, నైవేద్యం ఎవరి చేతుల్లోకి వెళ్లింది, అడవి ఎవరిదైంది? 2014లో ఏటపాకతో సహా ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక, పోలవరం నీళ్లకు కోయ ఊళ్లు ఖాళీ అవుతున్న కాలంలో, ఇది పాత ప్రశ్న కాదు. సీత మనసు లోతులు ఇంతగా వెతికిన నవలాకారులు దమ్మక్క జోలికి రాకపోవడానికి సరుకు లేకపోవడం కారణం కాదు.