గ్రంథాలయంలో ఆడపిల్ల కూచునే చోటు

మా మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయంలో టీనేజి పిల్లల కోసం ఒక మూల ఏర్పాటు చేద్దామన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, మొదటి సమావేశమంతా గోడల రంగు మీదే నడిచింది. నీలమా, గులాబీయా, మహనీయుల పటాలు ఎన్ని పెట్టాలి? దాతల పేర్లు చెక్కే రాయి ఎక్కడ ఉండాలో కూడా తేలిపోయింది. పద్నాలుగేళ్ళ ఆడపిల్ల ఆ హాల్లోకి ఎలా వస్తుంది, వచ్చి ఎక్కడ కూచుంటుంది అని మాత్రం ఎవరూ అడగలేదు. నాకైతే ఈ పనిలో అసలు ప్రశ్న అదే అనిపిస్తుంది.

ఇప్పుడు ఆ హాలు ఎలా ఉందంటే, గుమ్మంలోనే దినపత్రికల బల్ల, దాని చుట్టూ పెద్దమనుషులు. లోపలి బల్లలన్నీ డీఎస్సీకీ గ్రూప్స్‌కీ చదువుకునే కుర్రవాళ్ళవి. పొద్దున్నే సంచి పెట్టి కుర్చీ ఆపుకుంటారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. ఇంట్లో చోటు లేకే వాళ్ళూ వస్తున్నారు. కానీ ఒక అమ్మాయి లోపలికి రావాలంటే ఇన్ని చూపులు దాటాలి. దాటి వచ్చినా పుస్తకాలు తాళం వేసిన అద్దాల బీరువాల్లో ఉంటాయి. కావలసిన పుస్తకం పేరు అందరి ముందూ పైకి చెప్పి అడగాలి. పుస్తకాలున్నది వాడుకోవడానికే అన్నది రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయాలకు చెప్పిన మొదటి సూత్రం. మన బీరువాలు ఇంకా ఆ మాట వినలేదు.

వేళల సంగతి మరీ అన్యాయం. సాయంత్రం 4 నుంచి 7 వరకు గ్రంథాలయం. బడి వదిలేసరికి నాలుగున్నర. ఇంటికెళ్ళి నీళ్ళు పట్టి, చెల్లినో తమ్ముడినో చూసుకుని బయల్దేరేసరికి ఆరు. కార్తీకమాసంలో అప్పటికే చీకటి. ఇక ఆ మూడు గంటలు ఎవరి కోసం? ఆదివారం ఉదయం, వేసవి సెలవుల్లో మధ్యాహ్నం తెరిచి ఉంచమని మేం అడుగుతున్నాం. గడియ పడే మరుగుదొడ్డి, అందులో నీళ్ళు లేకపోతే నెలలో కొన్ని రోజులు ఏ అమ్మాయీ రెండు గంటలు కూచోలేదు. ఈ మాట సమావేశంలో అన్నప్పుడు కొందరు తల దించుకున్నారు. దించుకోనీండి, ఖర్చుల పట్టీలో మాత్రం అది రంగు కన్నా పైన ఉండాలి.

రెండో సమావేశానికి హైస్కూలు అమ్మాయిలను పిలిచి, సుద్దముక్క చేతికిచ్చి, నేల మీదే గీయమన్నాం. మేమనుకున్న గుండ్రటి బల్ల వాళ్ళకు అక్కర్లేదట. రోడ్డు వైపు కిటికీ దగ్గర కూచోబోమన్నారు. గోడకు వీపు ఆనించుకుని కూచునేలా చాపలు, దిండ్లు కావాలన్నారు. రెండు పొట్టి అలమరలను అడ్డంగా తిప్పి సగం గోడలా పెట్టమన్నారు. ఎత్తు ఛాతీ దాకా వస్తే చాలు. ఆ అలమరల వెనక కూచున్న పిల్ల తల లైబ్రేరియన్ గారి కుర్చీలోంచి కనబడుతుంది. చేతిలో ఏ పుస్తకం ఉందో ఎవరికీ కనబడదు. పిల్ల కనబడకపోతే తల్లులు పంపరు, పుస్తకం కనబడితే పిల్ల చదవదు. ఈ రెంటికీ ఇంత తేలికైన దారి మా పెద్దవాళ్ళెవరికీ తట్టలేదు.

ఆడపిల్లలకు పూర్తిగా వేరే గది కావాలని మా సంఘంలోనే కొందరి వాదన. నేను ఒప్పుకోను. వేరే గది ఆర్నెల్లలో విరిగిన కుర్చీల గోడౌను అవుతుంది, పెద్ద హాలు మళ్ళీ మగవాళ్ళకే మిగులుతుంది. ఆ మూలకు మగపిల్లలూ రావాలి. అలవాటు పడేదాకా ఆదివారం ఒక గంట అమ్మాయిలకే ఉంచుదామంటే నాకు అభ్యంతరం లేదు.

అలమరలో ఏం పెట్టాలన్న దగ్గర గొడవయింది. హైదరాబాదులోని అన్వేషి 1991లో స్త్రీల ఆరోగ్యం మీద తెచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకాన్ని మేం తీసుకెళ్ళాం. ‘ఇవి పిల్లలు చూడదగ్గవి కావు’ అన్నారొక పెద్దమనిషి. ఆ పిల్లలకు నెలసరి వచ్చి రెండేళ్ళు దాటింది, కొందరికి పెళ్ళి సంబంధాలు కూడా చూస్తున్నారు. శారీరక, మానసిక ఆరోగ్యానికి పనికొచ్చే సమాచారం అందుకోవడం పిల్లల హక్కని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 17వ అధికరణం చెబుతోంది. దాన్ని మన దేశం 1992లో ఆమోదించింది. అలాంటి పుస్తకాలు అక్కడే కూచుని, రిజిస్టరులో పేరు రాయకుండా చదువుకునే వీలుండాలి.

డబ్బులేవీ అని అడుగుతారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనమే కడుతున్నాం. వసూలైన సొమ్ము గ్రంథాలయ సంస్థలకు వేళకు చేరకపోవడం పాత జబ్బే. మన పంచాయతీ ఎంత వసూలు చేసింది, ఎంత జమ కట్టింది అని గ్రామసభలో సంఘాల వాళ్ళం లేచి అడగాలి. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లా కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పించారు. రెండు అలమరలు పక్కకు తిప్పడం అంతకన్నా కష్టమేమీ కాదు.

చాపలు వచ్చాయి, అలమరలు తిరిగాయి. బీరువాల తాళాలు మాత్రం ఇంకా తీయలేదు. పుస్తకం పోతే తన జీతంలో కోస్తారని లైబ్రేరియన్ గారి భయం. అది న్యాయమైన భయమే. ఏడాదికి ఇన్ని పుస్తకాలు పోయినా ఆయన్ని బాధ్యుణ్ణి చేయరాదని కాగితం మీద రాసిమ్మని జిల్లా సంస్థకు అర్జీ పెట్టాం. జవాబు రావాలి.