నడుం ఎత్తితే నడక తప్పింది

మా అక్కావాళ్లది చోడవరం. ఒకప్పుడు విశాఖ జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. జిల్లా పేరు మారినా ఆ వైపు మాట మాత్రం చెరకూ బెల్లమే. బావకి ఓ సరుకుల వ్యాను ఉంది. సీజన్‌లో అనకాపల్లి మార్కెట్‌కి బెల్లం దిమ్మలు వేస్తాడు. మిగతా రోజుల్లో మాడుగుల మీదుగా పాడేరు వైపు కిరాణా సరుకు తీసుకెళ్తాడు. ఇద్దరు పిల్లల చదువూ, ఇంటి ఖర్చూ ఆ నాలుగు చక్రాల మీదే నడుస్తాయి.

ఓ ఏడాది సీజన్ ముందు బావకి ఒక ఆలోచన వచ్చింది. బరువు వేస్తే బండి వెనక కుంగిపోతోంది. కమాను కట్టలకి ఇంకో రెండేసి పట్టీలు వేయిస్తే బండి ఎత్తుగా నిలబడుతుంది, ట్రిప్పుకి నాలుగు దిమ్మలు ఎక్కువ పడతాయి. ఎవరో చేసి పెట్టారు. వ్యాను వెనక భాగం రెండంగుళాలు లేచింది. బావ మురిసిపోయాడు. ఊళ్లో స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి ముందు నిమ్మకాయలు తొక్కించి మరీ బండి తీశాడు.

వారం తిరక్కుండానే కథ మొదలైంది. సరుకుతో వెళ్లేటప్పుడు బండి బుద్ధిగానే ఉంటోంది. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు మాత్రం స్టీరింగు నిలవదు. కాసేపు ఎడమకి, కాసేపు కుడికి పోతుంది. తిప్పాక దానంతటది వెనక్కి రాదు. అలైన్‌మెంటు చేయించాడు. కొంచెం నయమనిపించింది గానీ, రెండు నెలలకే ముందు టైర్ల బయటి అంచులు రంపం పళ్లలా అరిగిపోయాయి. మళ్లీ అలైన్‌మెంటు, మళ్లీ టైర్లు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టయింది.

ఓ వాన సాయంత్రం అక్కనీ చిన్నదాన్నీ ముందు సీట్లో కూచోబెట్టుకుని ఖాళీ బండితో వస్తున్నాడు. ఎదురుగా బస్సు. బావ ఎడమకి తిప్పాడు, బండి తిరిగింది. మళ్లీ నిటారుగా రావాల్సిన చోట రాలేదు. రోడ్డు దిగి గట్టు మీద ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ రాత్రి అక్క నాకు ఫోన్ చేసి, "ఒరే తమ్ముడూ, ఆ బండి సంగతి తేల్చేదాకా మీ బావని తీయనివ్వను" అంది.

మర్నాడు నేను వెళ్లేసరికి ఊళ్లో ఓ పెద్ద మేస్త్రి దగ్గర వ్యాను ఉంది. ఆయన చక్రాలు చూడలేదు, జాకీ పెట్టలేదు. పది అడుగులు వెనక్కి నడిచి, బండిని పక్కనుంచి చూసి నవ్వాడు.

"ముందు కాల్లకి ఏటీ అవ్వలేదు బాబూ. ఎనక నడుం ఎత్తేసారు కదా, ముక్కు వొంగిపోనాది. ముక్కు వొంగితే నడక తప్పదేటి?"

ఆ ఒక్క మాటలోనే విషయమంతా ఉంది. కొంచెం విడమరిచి చెబుతాను.

సైకిల్‌ని గుర్తుతెచ్చుకోండి. ముందు ఫోర్కు నిట్టనిలువుగా ఉండదు, పైభాగం సీటు వైపు వాలి ఉంటుంది. కుర్రాళ్లు చేతులు వదిలేసి తొక్కినా సైకిల్ తిన్నగా పోవడానికి ఆ వాలు సాయపడుతుంది. బండి ముందు చక్రాలకీ అలాంటి వాలే పెడతారు. దాన్ని క్యాస్టర్ అంటారు. మలుపు తిరిగాక స్టీరింగు దానంతటది మధ్యకి వచ్చేది దీని వల్లే. ఇలాంటి బండ్లలో అది రెండు మూడు డిగ్రీలు ఉంటే గొప్ప. ఇప్పుడు లెక్క చూడండి. ముందు వెనక ఇరుసుల మధ్య దూరం రెండున్నర మీటర్లనుకుందాం. వెనక ఐదు సెంటీమీటర్లు లేపితే బండి మొత్తం ఒక డిగ్రీకి పైగా ముందుకి వాలుతుంది. ఆ డిగ్రీ తిన్నగా క్యాస్టర్‌లోంచే పోతుంది. ఉన్న రెండు మూడింటిలో ఒకటి పోతే ఏం మిగిలినట్టు? సరుకు వేస్తే వెనక కుంగి బండి సమంగా అవుతుంది, క్యాస్టర్ తిరిగొస్తుంది. ఖాళీ అయితే మళ్లీ పోతుంది. బావ బండి వెళ్లేటప్పుడు బుద్ధిగా, వచ్చేటప్పుడు పొగరుగా ఉండటానికి కారణం ఇదే.

మరి అలైన్‌మెంటు ఎందుకు పనిచెయ్యలేదు? ఇరుసు ఒకే కడ్డీగా ఉండి కమాను కట్టల మీద కూచునే బండ్లలో సాధారణంగా సరిచేసేది టో ఒక్కటే. అంటే రెండు ముందు చక్రాలూ ఒకదాని వైపు ఒకటి ఎంత ముఖం తిప్పుకుని ఉన్నాయన్నది. టో లోపలికి ఎక్కువ పెడితే స్టీరింగు కాస్త నిలిచినట్టు అనిపిస్తుంది. అసలు జబ్బు క్యాస్టర్‌ది, మందు టోకి. శిక్ష టైర్లకి. రెండు టైర్ల మధ్య ముందు కొలతకీ వెనక కొలతకీ ఆరు మిల్లీమీటర్ల తేడా ఉంటే, ఒక్కో టైరు కిలోమీటరుకి నాలుగు మీటర్లు పక్కకి ఈడ్చుకుపోయినట్టు లెక్క. వంద కిలోమీటర్లకి నాలుగు వందల మీటర్లు! రంపం పళ్లు రాక ఏమవుతుంది?

ఇంకో సంగతి విని నాకు ఒళ్లు జలదరించింది. కొన్ని వ్యాన్లలో వెనక ఇరుసు దగ్గర ఓ చిన్న మీట ఉంటుంది. బండి ఎంత కుంగిందో చూసి, సరుకు ఎంత ఉందో అంచనా వేసి, వెనక చక్రాలకి అంత బ్రేకు పంపుతుంది. పట్టీలు ఎక్కువై బండి కుంగకపోతే ఆ మీట బండి ఖాళీగా ఉందనుకుంటుంది, నిండు సరుకుతో ఉన్నా వెనక బ్రేకు తగ్గించేస్తుంది. పాడేరు ఘాట్ దిగుతున్నప్పుడు అలా జరిగితే? బావ బండిలోనూ ఆ మీట ఉంది. అది విని ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

మేస్త్రి చేసిన పని వరస చెబుతాను, మీకూ పనికొస్తుంది. కొత్తగా వేసిన పట్టీలు తీసేశాడు. అలిసి చదునైపోయిన పాతవాటి బదులు కంపెనీ చెప్పిన లెక్కకే కొత్త కట్టలు వేశాడు. సమంగా ఉన్న నేల మీద ఆపి, టైర్లలో గాలి సరిచేసి, కింగ్ పిన్నులు, టై రాడ్ చివర్లు ఊగుతున్నాయేమో చూశాడు. అవి వదులుగా ఉంటే ఎన్ని అలైన్‌మెంట్లు చేసినా దండగే. ఆ తర్వాతే స్టీరింగు మధ్యకి తెచ్చి, చివరగా టో సరిచేశాడు. బ్రేకు మీట, హెడ్‌లైట్ల వెలుగు పడే చోటూ చూశాడు. "కమాన్లు సద్దుకుంటాయి బాబూ, నాలుగైదొందల కిలోమీటర్లు తిరిగాక రండి, యు బోల్టులు మల్లీ బిగించాల" అన్నాడు.

ఎత్తు తప్పనిసరైన బండ్లకి ఇరుసుకీ కమానుకీ మధ్య ఇనుప చీలిక పెట్టి, పోయిన క్యాస్టర్‌ని తిరిగి తెచ్చే పద్ధతి ఉంది. కానీ అది కోణం కొలిచి పెట్టాల్సిన పని. చీలిక తిరగబడితే ఉన్నదీ పోతుంది.

కార్లున్నవాళ్లు ఇది లారీల గొడవలే అనుకోకండి. గతుకుల్లో అడుగు తగులుతోందని స్ప్రింగుల మధ్య రబ్బరు బఫర్లు పెట్టిస్తుంటారు. కార్లలో ముందు చక్రాలు దేనికది విడిగా కదులుతాయి కాబట్టి, ముందు ఎత్తు మారగానే చక్రం వాలూ, టో రెండూ మారతాయి. పెట్టించిన వెంటనే అలైన్‌మెంటు చూపించండి. నెలకోసారి టైరు మీద అరచెయ్యి అడ్డంగా రాయండి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు గరుగ్గా తగిలితే టో తేడా ఉన్నట్టే.

అన్నిటికన్నా ముఖ్యం ఇంకోటి. పట్టీలు పెంచినంత మాత్రాన ఇరుసు, బ్రేకులు, టైర్లు మోసే బరువు పెరగదు. ఆర్‌సీ పుస్తకంలో రాసిన బరువూ మారదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక బరువుకి జరిమానా 20 వేల రూపాయలు, ఆపైన అదనపు టన్నుకి మరో 2 వేలు. నాలుగు దిమ్మల కిరాయి దాని ముందు ఎంత?

బిల్లు కట్టి ఇంటికి వచ్చాక బావ ఆ తీసేసిన పట్టీల్ని పెరట్లో పడేశాడు. అన్నం వడ్డిస్తూ అక్క అంది: "నాలుగు దిమ్మలు మిగిలిపోతే రేపు ఇంకో ట్రిప్పు వెయ్యొచ్చు. మనుషులకి ఇంకో ట్రిప్పు ఉండదు కదా."

బావ తలొంచుకుని, "ఊఁ, పప్పు వెయ్యి" అన్నాడు.