పలక తుడవని యాప్

నల్లగొండ చెంత పానగల్లులోని పచ్చల సోమేశ్వరాలయ శిల్పాల ఛాయాచిత్రాలను ఒక యాప్‌లో చూస్తుండగా, ఇరవయ్యో బొమ్మ దగ్గర యాప్ ఉన్నట్టుండి మూతపడింది. "ఫోను పాతది తాతయ్యా" అన్నాడు మా మనుమడు. నేనంగీకరించను.

4000×3000 పిక్సెళ్ళ చిత్రం, ఫైలుగా మూడు నాలుగు ఎంబీలే కావచ్చును. తెరపై చూపుటకు విప్పితే, పిక్సెలుకు 4 బైట్ల చొప్పున 4.8 కోట్ల బైట్ల మెమరీని ఆక్రమిస్తుంది. ఇరవై బొమ్మలకు దాదాపు వంద కోట్లు! నా తెర వెడల్పు 720 పిక్సెళ్ళే. ఆ కొలతకు కుదించి విప్పితే సుమారు ముప్పయ్యో వంతు చాలును. తెర దాటిన బొమ్మను మెమరీ నుండి తొలగించవలె. కుదించిన ప్రతిని ఫోను నిల్వలో దాచుకుంటే మరల దింపుకొనే పని ఉండదు. (పలక తుడవకుండా మేమెన్నడైనా కొత్త అక్షరం దిద్దించామా?)

ఖరీదైన ఫోన్లపై మాత్రమే పరీక్షించి అందరికీ పంచడం అన్యాయమని నా అభిప్రాయం. ఆ తయారీదార్లు ఒక్కసారి 2 జీబీ ఫోను చేతబట్టి, పానగల్లు గుడి గోడలపై రామాయణ భారత ఘట్టాలన్నీ చివరిదాకా చూడాలని కోరుతున్నాను.